రొండిన రివాల్వరు

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం నా పాత విద్యార్థిని విజయనగరంలో మా ఇంటికొచ్చింది. కాఫీ తాగింది. కొడుకు చదువు గురించి చెప్పింది. గ్లాసు కింద పెడుతూ, బజార్లో వంకాయల ధర అడిగినంత మామూలుగా, "మేడమ్, రివాల్వర్ ఎంతుంటుంది? మనలాంటి వాళ్ళకి లైసెన్సు ఇస్తారా?" అని అడిగింది.

పార్వతీపురం నుంచి కొండల వైపు పోయే దారిలో ఆమె పనిచేసే బడి ఉంది. పొద్దున్న 6 గంటల బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో, అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్ల నడక. నాలుగు నెలలుగా ఆ రెండు కిలోమీటర్లలో ఒకడు వెంటపడుతున్నాడు. కొత్తవాడేం కాదు, తెలిసినవాడే. ఒకచోట ఫిర్యాదు చేస్తే "టైము మార్చుకుని వెళ్ళమ్మా" అన్నారట, బస్సు టైము ఆమె చేతిలో ఉన్నట్టు. ఇంట్లో చెబితే "ఉద్యోగం మానెయ్" అన్నారు. అందరికంటే తొందరగా దొరికిన పరిష్కారం అదే. ఇక మిగిలింది తను ఆలోచించుకున్న రెండో దారి. ఉద్యోగమా, రివాల్వరా అన్న చోటికి వచ్చి ఆగింది ఆ అమ్మాయి.

ఈ సంగతి నలుగురు రచయిత్రులం కూడినచోట చెబితే నవ్వేశారు. "ఫూలన్‌దేవిని తయారుచేస్తున్నావా?" అన్నారొకరు. నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠాలు చెప్పాను. అల్లూరి సీతారామరాజు దళం ఏ స్టేషన్‌లో ఎప్పుడు దాడి చేసిందో, ఎన్ని తుపాకులు పట్టుకుపోయిందో బోర్డు మీద ఏటేటా రాశాను. ఒక ఆడదానికి తుపాకీ కావాలంటే ఎక్కడ కొనాలి, ఎంత పెట్టి కొనాలి, కొన్నాక ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలి అన్న ప్రశ్న ఎన్నడూ నా బోర్డు మీదికి రాలేదు. "కనుక్కుని చెబుతాను" అన్నాను. ఆ కనుక్కోవడమే ఈ వ్యాసం.

ముందు ధర సంగతి. మన దేశంలో మామూలు పౌరులు విదేశీ ఆయుధాలు దిగుమతి చేసుకోవడానికి 1980లలోనే తలుపులు మూసుకున్నాయి. అంతకుముందు వచ్చిన పాత విదేశీ రివాల్వర్లు చేతులు మారుతూ లక్షలకు అమ్ముడవుతాయి, పురాతన నగల్లాగా. అవి మనకు కావు. కొత్తది కావాలంటే ఎక్కువగా చూడవలసింది ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల వైపే. 2014 జనవరిలో కాన్పూరు కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వరును ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమని విడుదల చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత 'నిర్భయ' అని పిలుచుకున్న అమ్మాయి పేరు గుర్తుకు వచ్చేలా పెట్టిన పేరది. .32 బోరు, బరువు సుమారు అర కిలో, టైటానియం మిశ్రమంతో చేసిన శరీరం. ధర లక్షా 22 వేలు దాటింది. మా అమ్మాయి లెక్కల టీచరు. నెలకు 3 వేలు మిగులుతాయట. నేను చెప్పగానే వేళ్ళమీద లెక్కేసి "41 నెలలు మేడమ్" అంది. వాడు 41 నెలలు ఆగుతాడా అని మాత్రం అడగలేదు.

ఆ రివాల్వరును ఎలాంటి పెట్టెలో పెట్టి అమ్మారో చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ముదురు ఎరుపు రంగు నగల పెట్టెలో! ఆడదాని చేతికి ఆయుధమిచ్చేటప్పుడు కూడా హారం ఇచ్చినట్టే ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, ధర కూడా దానికి తగ్గట్టే పెట్టారు. ఇది కాన్పూరుతో మొదలైన తెలివి కాదులెండి. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1902లోనే 'లేడీస్మిత్' పేరుతో బుల్లి .22 రివాల్వరు తయారుచేసింది, 1921లో ఆపేసింది. మళ్ళీ 1989లో అదే పేరు బయటికి తీసి ఆడవాళ్ళ మార్కెట్టు పట్టుకుంది. చిన్నది చేయడం, నాజూకు పేరు పెట్టడం, భయాన్ని అమ్మకపు సరుకు చేయడం. మణిపూర్‌లో తుపాకీ వల్ల నష్టపోయిన స్త్రీల మధ్య పనిచేసిన బీనాలక్ష్మి నేప్రమ్ నిర్భీక్ వచ్చినప్పుడు గట్టిగా నిరసించారు. పౌరుల భద్రత చూడాల్సిన ప్రభుత్వం ఆ బాధ్యతను లక్షకు పైన ధర కట్టి ఆడవాళ్ళ చేతిలోనే పెట్టిందన్న కోపం నాకూ ఉంది. కానీ ఆ కోపం మా అమ్మాయికి 6 గంటల బస్సులో పనికి రాదు.

అందుకని సరుకు గురించే మాట్లాడుకుందాం. తక్కువ డబ్బు పెట్టి కొనేవాళ్ళు సాధారణంగా ఎంచుకునేది పిస్టల్ కాదు, రివాల్వరే. పిస్టల్‌కు పైభాగం బలంగా వెనక్కి లాగాలి, సేఫ్టీ మీట ఎటు ఉందో గుర్తుండాలి. తూటా పేలకపోతే మళ్ళీ లాగి సరిచేసుకోవాలి. రివాల్వరులో ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితే చాలు, చక్రం తిరిగి తర్వాతి తూటా వస్తుంది. ఆ ట్రిగ్గర్ గట్టిగా ఉండటమే దానికి సగం రక్షణ. ఇక బరువు. కర్మాగారాలు చేసే మామూలు .32 ఉక్కు రివాల్వరు ముప్పావు కిలోకు కొంచెం తక్కువగా తూగుతుంది. తేలికది మోయడానికి సుఖం, పేల్చడానికి కష్టం. ఎంత తేలికైతే అంత ఎగిరి మణికట్టును తన్నుతుంది. గొట్టం ఎంత పొట్టిదైతే గురి అంత తప్పుతుంది. 2017లో వచ్చిన 'నిడర్' అనే .22 రివాల్వరు పావు కిలోనే ఉంటుంది, కానీ తూటా బలం కూడా ఆ మేరకే. ఏది కొన్నా అసలు ఖర్చు తర్వాతే మొదలవుతుంది. సాధన చేయడానికి తూటాలు కొనాలి, చోటు వెతుక్కోవాలి, నెలకోసారైనా వెళ్ళాలి. సాధన లేని చేతిలోని ఆయుధం ఎదుటివాడిదే.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది ధర దగ్గర కాదు, ఒర దగ్గర.

మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. ఆవిడ చేయి మాటిమాటికీ నడుము పక్కకు పోతుండేది, రొండిన దోపుకున్నది ఉందో లేదో చూసుకోవడానికి. తాళంచెవుల గుత్తి, చిల్లర సంచి, వక్కలు కోసుకునే చిన్న చాకు, ఇవీ ఆవిడ రొండిలో ఉండేవి. నేను చిన్నప్పుడు లంగా బొందులో పలక బలపం దాచుకుంటే "ఏటే గుంటా, రొండిన ఏటి దోపుకున్నావు?" అని గదిమేది. జేబులేని బట్ట కట్టుకున్న మనుషులకు రొండి ఒకటే జేబు. కాదంటే చెంగు ముడి, రవిక. వీటిలో ఏదైనా ముప్పావు కిలో ఇనుమును మోస్తుందా? లంగా బొందుకు తగిలిస్తే జారిపోతుంది. చూడిదార్ నాడా అయినా అంతే. మంచి హోల్‌స్టర్ ఎలా ఉండాలో చెప్పేవాళ్ళంతా మొదట చెప్పేది ఒకటే మాట: గట్టి బెల్టు ఉండాలి. ఒర ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, వంగినా పరిగెత్తినా ఆయుధం జారకూడదు, ఒక్క చేత్తో బయటికి రావాలి, ఖాళీ అయినప్పుడు ఒర ముడుచుకుపోకూడదు. చవకలో దొరికే మెత్తటి గుడ్డ ఒరలకు ఈ చివరి గుణం ఉండదు. ఆయుధాన్ని మళ్ళీ లోపల పెట్టేటప్పుడు గుడ్డ మడత ట్రిగ్గర్‌లోకి దూరితే తొడలోకే తూటా. డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేయవచ్చు గాని ఒర దగ్గర కాదు.

అంటే ఈ వస్తువు ప్యాంటు వేసుకుని బెల్టు కట్టుకున్న శరీరం కోసం పుట్టింది. మన జిల్లాల్లో నడుముకు రివాల్వరు కనపడేలా పెట్టుకు తిరిగే ఆడవాళ్ళు ఎవరంటే పోలీసు అధికారిణులే. వాళ్ళకు ఆయుధంతో పాటు ఖాకీ ప్యాంటూ, బెల్టూ కూడా ప్రభుత్వమే ఇచ్చింది. మిగతావాళ్ళకు హ్యాండ్‌బ్యాగు ఉందిగా అంటారేమో. రద్దీ బస్సులో, పాసింజరు బండిలో మొదట పోయేది హ్యాండ్‌బ్యాగే అని మనందరికీ తెలుసు. పైగా జిప్పు తీసి, టిఫిన్ డబ్బా పక్కకు తోసి, గొడుగు కింద వెతుక్కునే లోపల ఏం జరగాలో అది జరిగిపోతుంది. చట్టం ఏమంటోందో కూడా చూశాను. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతితుపాకీని హోల్‌స్టర్‌లో గాని అలాంటి సంచిలో గాని పెట్టుకోవాలి, పూర్తిగా కప్పి ఉండాలి, పట్టు మన అధీనంలోనే ఉండాలి. అంటే దాచుకోవడం మన ఇష్టం కాదు, నియమం. దాచుకోవడంలో మనకున్నంత అనుభవం ఎవరికుంది అని నవ్వుకున్నాను. డబ్బు, ఉత్తరాలు, గాయాలు, కడుపులు, అన్నీ కొంగు చాటునే కదా దాచాం.

ఇక్కణ్ణుంచి నా ఆలోచన మా ప్రాంతపు చరిత్రలోకి జారింది. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వేరే జిల్లాలయ్యాయి గాని అంతకుముందు అంతా ఒకే విశాఖపట్నం జిల్లా. ఇక్కడ ఆయుధం ఎవరి చేతిలో ఉండేది?

బొబ్బిలితో మొదలుపెడతాను, మా వైపు ఎవరైనా అక్కడే మొదలుపెడతారు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సైన్యం కోటను చుట్టుముట్టాయి. ఇక కోట దక్కదని తేలాక లోపలి మగవాళ్ళు తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ తామే చంపేశారు. రాబర్ట్ ఓర్మ్ రాసిన సైనిక చరిత్రలో ఈ సంగతి ఉంది. ఆ తర్వాత రాత్రివేళ గుడారంలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపిన తాండ్ర పాపారాయుడి కథ మన బుర్రకథల్లో ఎంత గొప్పగా మోగిందో మీకు తెలుసు. ఆయుధం దాచుకుని శత్రువు గుడారం దాకా పోవడం వీరత్వమైంది. కోట లోపల అదే జాతి కత్తి ఆడవాళ్ళ మెడ మీదికి వచ్చిన ఘట్టం 'మానరక్షణ' అయింది. కత్తి వాళ్ళ దాకా వచ్చింది, వాళ్ళ చేతికి మాత్రం రాలేదు. ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఆ రెండో భాగాన్ని నేనూ తొందరగానే దాటేశాను.

1878లో లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయులెవరూ ఆయుధం ఉంచుకోకూడదు. యూరోపియన్లకు ఆ నియమం లేదు. రాజులకు, బిరుదులున్నవాళ్ళకు మినహాయింపులు దొరికాయి. కాబట్టి మన జమీందారీ సీమలో తుపాకీ అంటే కోట, వేట, బంగళా. కొండమీది జాతాపు, సవర కుటుంబాలకు విల్లు, గొడ్డలి, ఎక్కడో ఒక నాటు తుపాకి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి ఆయుధాలు ఎత్తుకుపోవడం వెనక ఉన్న లెక్క ఇదే. పేదవాడికి తుపాకీ కొనే వస్తువు కాదు, లాక్కునే వస్తువు. 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానం నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరహక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసం సవరణ ప్రతిపాదిస్తే అది వీగిపోయింది. వీగిపోయినందుకు నాకు విచారం లేదు. హక్కుగా ఇచ్చి ఉంటే ముందుగా ఎవరి గోడలకు తుపాకులు వేలాడేవో ఊహించగలను.

ఎందుకంటే అప్పటికే మందసలో చూశాం. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ రోజుల్లోనే మందస జమీందారీ అడవిలో కలప కొట్టుకున్నారని రైతుల మీద పోలీసులు వచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో నాయకుల్ని పట్టుకుపోతుంటే అడ్డుపడిన జనంలో సాసుమాను గున్నమ్మ ముందుంది. నిండు గర్భిణి. కాల్పుల్లో చనిపోయింది. 'వీర గున్నమ్మ' అని స్తూపం కట్టుకున్నాం. ఆమె రొండిన మహా అయితే కొడవలి ఉండి ఉంటుందేమో. ఎదురుగా ఉన్నవి తుపాకులు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయారు. మరుసటి ఏడాది కేసు కోర్టులో వీగిపోయింది, నిందితులు బయటికొచ్చారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం ఆయుధం పట్టడానికి దారితీసిన కారణాల్లో ఆ తీర్పు ఒకటి. 1968 నవంబరు 25న పెదగొట్టిలిలో షావుకారు ఇంటి మీద పడి ధాన్యం పంచుకున్నారు, అప్పు పత్రాలు తగలబెట్టారు. భూస్వాముల ఇళ్ళలోని తుపాకులను పట్టుకోవడం కూడా దళాల పనుల్లో ఒకటయింది. మా ప్రాంతంలో తుపాకీ కొండెక్కిన దారి ఇది: బంగళా గోడ మీంచి దళం భుజం మీదికి.

ఆ భుజాల్లో ఆడవాళ్ళవీ ఉన్నాయి. గరుడభద్ర భూస్వామి పంట కోసుకున్న జనంలో ముందున్న పంచాది నిర్మలను ఇప్పటికీ చాలామంది 'పంచాది కృష్ణమూర్తి భార్య' అనే పరిచయం చేస్తారు. కృష్ణమూర్తిని 1969 మే 27న కాల్చి చంపారు. నిర్మల ఇంటికి రాలేదు, దళంలోనే ఉంది. ఆ ఏడాది డిసెంబరు 22న రంగమటియా కొండల్లో సుబ్బారావు పాణిగ్రాహితో పాటు ఆమెనూ చంపేశారు. ఆ రోజు పోయినవాళ్ళలో ఎవరెవరున్నారని మా విద్యార్థుల్ని అడిగితే పాణిగ్రాహి పేరు వెంటనే చెప్పేవాళ్ళు, ఆయన పాటలూ జముకుల కథా ఉన్నాయి కాబట్టి. నిర్మల పేరు గుర్తు చేయాల్సి వచ్చేది. పోరాటాన్ని నేను సమర్థిస్తున్నానా, కాదంటున్నానా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ దారి ఎంతమంది పిల్లల్ని మింగిందో ఈ జిల్లాల్లో పుట్టినదాన్ని, నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నేను చూస్తున్నది ఒక్కటే. దళంలో ఆడదాని ఒంటి మీదికి తుపాకీ వచ్చినప్పుడు కూడా ఏ ఆయుధం, ఎవరికి, ఎప్పుడు అన్నది ఆమె ఎంచుకున్నది కాదు.

తెలంగాణ స్త్రీలు ఈ మాటను బాహాటంగా చెప్పగలిగారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను ఈ పత్రిక పాఠకులకు పరిచయం చేయక్కర్లేదు. ఆయుధాలు మోసినవాళ్ళు, దాచినవాళ్ళు, పేల్చడం నేర్చుకున్నవాళ్ళు అందులో మాట్లాడారు. 1951లో పోరాట విరమణ తర్వాత తుపాకీ దించి ఇంటికి పొమ్మన్నప్పుడు ఏ ఇంటికి పోవాలో తెలియక నిలబడిపోయిన సంగతీ చెప్పారు. మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. తుపాకీ వెళ్ళిపోయాక మాటనే తూటా చేసుకోవలసి వచ్చిందన్న అర్థం నాకు ఆ పేరులో వినిపిస్తుంది. ఆవిడ ఉద్దేశం అది కాకపోవచ్చు.

మరి చిన్న ఆయుధాన్ని తానే కావాలనుకుని, వెతుక్కుని, ఒంటి మీద దాచుకున్న ఆడవాళ్ళు లేరా? ఉన్నారు, బెంగాల్లో. 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో బీనాదాస్ గవర్నరు స్టాన్లీ జాక్సన్ మీద అయిదుసార్లు కాల్చింది. ఒక్కటీ తగల్లేదు. తొమ్మిదేళ్ళ జైలు పడింది. ఆ రివాల్వరు సంపాదించి ఇచ్చింది కమలాదాస్ గుప్తా, 280 రూపాయలకు. ఆ రోజుల్లో చిన్న ఉద్యోగికి ఎన్నో నెలల జీతం. ఇక ఒర సంగతంటారా, పట్టభద్రుల గౌనే ఒర. ఆడపిల్లలు చదువుకుంటే వచ్చే వదులు గౌను ఆమెకు జేబైంది. అంతకు రెండు నెలల ముందు, 1931 డిసెంబరు 14న కుమిల్లాలో శాంతి ఘోష్, సునీతి చౌధురి అనే బడిపిల్లలు ఈతపోటీలకు అనుమతి కావాలన్న అర్జీతో మెజిస్ట్రేటు స్టీవెన్స్ ఇంటికి వెళ్ళి కాల్చి చంపారు. వాళ్ళ ఆయుధాలు శాలువాల కింద ఉన్నాయి. చలికాలం కాబట్టి సరిపోయింది. 1932 సెప్టెంబరులో పహార్‌తలీ క్లబ్బు మీద దాడికి నాయకత్వం వహించిన ప్రీతిలతా వడ్డేదార్ మగ దుస్తులు వేసుకుంది. గౌను, శాలువా, మగవేషం. చీరతో మాత్రం ఎవరికీ కుదరలేదు చూడండి.

వాళ్ళది దేశం కోసం. తన కోసం కొనుక్కున్నవాళ్ళు కావాలంటే ఇంకా దూరం పోవాలి. 1892లో అమెరికాలోని మెంఫిస్‌లో తన స్నేహితుణ్ణి తెల్లమూక చంపేశాక నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి పిస్టల్ కొనుక్కోవడం. ఆ సంగతి ఆమే రాసుకుంది. ఆమె లించింగుల మీద రాయడం ఆపలేదు. తుపాకీ ఆమెకు పని మానకుండా ఉండటానికి. మా అమ్మాయి ప్రశ్నకు దగ్గరగా ఉన్న చరిత్ర ఇదొక్కటే కనపడింది నాకు.

అయితే ఐడా వెల్స్ ఎవరినీ లైసెన్సు అడగనక్కర్లేకపోయింది. మా అమ్మాయి అడగాలి. 1959 చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండాలి. అర్జీ పెట్టుకుంటే పోలీసు నివేదిక వస్తుంది. ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం, మానసికంగా శారీరకంగా బాగున్నట్టు వైద్యుడి కాగితం జత చేయాలి. ఇవన్నీ ఉండాల్సినవే, నాకు పేచీ లేదు. పేచీ ఒక మాట దగ్గర. వృత్తి, వ్యాపారం, ఉద్యోగం వల్ల గాని మరోలా గాని ప్రాణానికో ఆస్తికో రక్షణ 'నిజంగా అవసరమైన' వాళ్ళకు ఇవ్వవచ్చని 2016 నిబంధన. నిజమైన అవసరం! నగల వర్తకుడి అవసరం నిజమైనదని వెంటనే తెలుస్తుంది, బీరువా చూపిస్తాడు. రెండు కిలోమీటర్ల నడకలో వెనకే వినపడే బూట్ల చప్పుడును ఈమె ఏ కాగితం మీద చూపిస్తుంది? "టైము మార్చుకో" అన్నవాళ్ళ నివేదికే మళ్ళీ ఆధారం. ప్రాణం, ఆస్తి అని రెండు మాటలున్నాయి. మనం ఎక్కువగా పోగొట్టుకునేది ఆ రెంటికీ మధ్యన ఉన్నదాన్ని.

ఇంకో లెక్క కూడా ఆమెకు చెప్పకుండా ఉండలేకపోయాను. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయిన కేసులు 90 శాతానికి పైనే అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. హోల్‌స్టర్ రోడ్డు మీద ఎదురయ్యే అపరిచితుణ్ణి ఊహించుకుని కుట్టినది. అన్నం పెట్టించుకుంటున్నవాడి మీద, మరిది మీద, పై అధికారి మీద ఎవరు తీస్తారు? లైసెన్సున్న తుపాకీ ఇంట్లో ఉంటే గొడవల్లో ముందుగా ఎవరి చేతిలోకి పోతుందో మనకు తెలియనిది కాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక కాపురంలో ఒక రివాల్వరే ఇమడదేమో.

చట్టం చదువుతుంటే ఒక విచిత్రం కంటపడింది. 1959 చట్టం 'ఆయుధాలు' అంటే ఏమిటో చెబుతూ, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులను ఆ నిర్వచనం నుంచి తీసేసింది. లాఠీ, చేతికర్ర ఉదాహరణలుగా ఇచ్చింది. కత్తిపీట, కొడవలి, రోకలి, కారం పొట్లం, బస్సులో మనం కొంగుకు పెట్టుకుని అప్పుడప్పుడూ వేరే పనికి వాడే పిన్నీసు, ఇవేవీ ఆ చట్టం ఊహలో ఆయుధాలు కావు. లైసెన్సు అక్కర్లేదు, 41 నెలలు దాచక్కర్లేదు. కాలేజీ రోజుల్లో నేను శ్రీకాకుళం బస్సులో పిన్నీసుతో చేసిన యుద్ధాలు తక్కువేమీ కాదు. కానీ పిన్నీసు రెండంగుళాల దూరంలో పనిచేస్తుంది. రెండు కిలోమీటర్ల నడకకు చాలదు. చవకది మనకుంది కదా అని సరిపెట్టుకోమనడం నాకు చేతకాలేదు.

మళ్ళీ ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నేను రాసుకున్న కాగితాలు ముందు పెట్టాను. ధరలు, బరువులు, ఒర గురించిన జాగ్రత్తలు, అర్జీకి కావలసినవి. వద్దని చెప్పలేదు. కొనమనీ చెప్పలేదు. ఆ బడికి పోయే దారిలో ఇంకా ఇద్దరు టీచరమ్మలు, ఒక ఆశా కార్యకర్త ఉన్నారని మాటల్లో తెలిస్తే, నలుగురూ కలిసి రాతపూర్వకంగా పై అధికారులకు ఫిర్యాదు ఇవ్వండి, నేనూ వస్తాను అన్నాను. "అది మంగళవారం వెళ్దాం మేడమ్, ఇది కూడా చూస్తాను" అంది. రెండూ వదలదలుచుకోలేదు. మంచిదే అనిపించింది.

అర్జీ నమూనా చదువుకుంటూ పోయింది. తల్లిదండ్రుల పేరు లేదా జీవిత భాగస్వామి పేరు అన్నచోట ఒక నిమిషం ఆగి, ఎవరిది రాయాలో తర్వాత చూద్దాం అన్నట్టు ముందుకు పోయింది. ఆయుధాన్ని ఇంట్లో తాళం వేసి భద్రంగా ఉంచుతానని హామీ ఇవ్వాలి అన్నచోట పెన్ను పక్కన పెట్టింది.

"బీరువా తాళం మా అత్తయ్య రొండిన ఉంటుంది మేడమ్" అంది.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత కాగితం మడిచి టిఫిన్ డబ్బా పక్కన బ్యాగులో పెట్టుకుని, చీకటి పడకముందే పార్వతీపురం బస్సు అందుకోవాలని లేచింది.